హండా కింద నిప్పు: పాత బెంగళూరు ఇళ్ళలో చలికాలానికి ఏర్పాట్లు

త్రయోదశి సాయంత్రం హండాకు, అంటే స్నానపు నీళ్ళు కాచే పెద్ద రాగి పాత్రకు, బొట్టు పెట్టేవారు. బెంగళూరులో దీపావళి మొదలయ్యేది అక్కడే. తోమిన రాగి హండా మెడ చుట్టూ సున్నంతో, జాజుతో చారలు గీసి, పసుపు కుంకుమలు అద్ది, ఒక చెండు పూలు చుట్టి, కొత్త నీళ్ళు పోసేవారు. కన్నడంలో ఆ సాయంత్రాన్ని ‘నీరు తుంబువ హబ్బ’ అంటారు. నీళ్ళు నింపే పండుగ. చిక్‌పేట, బళేపేట సందుల్లోనూ, 1898 ప్లేగు తర్వాత పెరిగిన మల్లేశ్వరం, బసవనగుడి ఇళ్ళలోనూ కాపురం ఉన్న తెలుగు కుటుంబాలు ఇరుగు పొరుగును చూసి ఈ పండుగను తమదిగా చేసుకున్నాయి. తెల్లవారితే నరక చతుర్దశి. కోడి కూయకముందే హండా కింద నిప్పు వెయ్యాలి, ఇంట్లో చివరి మనిషి తలంటు అయ్యేదాకా నీళ్ళు సెగలు కక్కుతూ ఉండాలి.

ఆ తెల్లవారుజామున పొయ్యి చక్కగా అంటుకుందంటే దాని వెనక ఎనిమిది నెలల పని ఉంది. ఇప్పుడు గీజర్ స్విచ్ వేసేవాళ్ళకు, మేడమీద సోలార్ పలక ఉన్నవాళ్ళకు ఆ పని ఏమిటో తెలియదు. తెలిసినవాళ్ళు తగ్గిపోతున్నారు. అందుకే వివరంగా రాస్తున్నాను.

బెంగళూరు చలి గురించి ఒక మాట. ఊరు సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున ఉంది. డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో పదిహేను డిగ్రీల దగ్గర ఉండటం మామూలు. 1884 జనవరి 13న 7.8 డిగ్రీలకు దిగింది, ఇప్పటికీ ఆ లెక్కే ఈ ఊరి రికార్డు. గదిని వెచ్చబెట్టేంత చలి కాదు. కానీ తొట్టిలో రాత్రంతా నిలిచిన నీళ్ళు ఒంటిమీద పోసుకోలేని చలి. కాబట్టి ఇక్కడ చలికాలపు పొయ్యి అంటే నీళ్ళ పొయ్యే.

ముందు దాని కట్టుబడి చూద్దాం. ఇంటి వెనక వైపు స్నానాల గది. కన్నడ పొరుగువాళ్ళు దాన్ని బచ్చలుమనె అనేవారు. ఒక మూల ఇటుక, మట్టితో నడుమెత్తు గద్దె. అందులో హండా మెడ దాకా పూడ్చి ఉండేది. కింద నిప్పు గుండం, దాని మూతి మంచి ఇళ్ళలో గది లోపలికి కాకుండా పెరటి వైపు తెరుచుకునేది. మంట పెరట్లో, స్నానం లోపల. పొగ కళ్ళలోకి రాదు, ముసలివాళ్ళు దగ్గకుండా స్నానం చేస్తారు. మూతి లోపలికే పెట్టి కట్టిన ఇళ్ళలో గోడలన్నీ నల్లగా జిగురు పట్టి ఉండేవి. అది కట్టినప్పుడే జరిగిన తప్పు, తర్వాత ఎంత సున్నం కొట్టినా పోదు.

గుండం అడుగున ఇనుప కడ్డీల జల్లెడ. కడ్డీకీ కడ్డీకీ మధ్య వేలి సందు. దాని కింద బూడిద గూడు. జల్లెడ నుంచి హండా అడుగుకు జానెడున్నర ఎత్తు ఉండాలి. అంతకన్నా తక్కువైతే మంట పూర్తిగా మండకముందే చల్లటి రాగికి తగిలి మసిగా మారుతుంది. ఎక్కువైతే వేడి పక్కలకు పోతుంది. హండా చుట్టూ మూడు వేళ్ళ సందు వదిలేవారు. మంట అడుగును మాత్రమే కాక పక్కలను కూడా నాకుతూ వెళ్ళి, వెనక పైభాగాన ఉన్న గొట్టంలోంచి బయటపడేది. ఆ గొట్టం మూతికి ఎదురు వైపు ఉండటం ముఖ్యం. పక్కనే ఉంటే మంట దగ్గరి దారిన పారిపోతుంది, హండా సగం చల్లగానే మిగిలిపోతుంది.

ఇక కట్టెలు. శివరాత్రి దాటగానే కట్టెల బేరం. కట్టెలు అమ్మే చోటు కోస్తా జిల్లాల్లో అడితి, ఇక్కడ ‘సౌదె డిపో’. కాటా అంటే దూలానికి గొలుసులతో వేలాడే రెండు పెద్ద పళ్ళేలు. ఒకవైపు తూకపు రాళ్ళు, ఇంకోవైపు కట్టెలు. చలి మొదలయ్యాక కొందామనుకునేవాళ్ళు రెండు విధాల నష్టపోయేవారు. ధర ఎక్కువ, పైగా బెంగళూరులో వానలు ఎక్కువ పడేది సెప్టెంబరు, అక్టోబరుల్లోనే కాబట్టి డిపోలో ఆరుబయట ఉన్న కట్టె ఆ సమయానికి తడిసి నానిపోయి ఉండేది. తడి కట్టె కొనడమంటే తూకం వేసి నీళ్ళు కొనడమే.

ఎంత నీరో లెక్క చూడండి. పచ్చిదనం ఇంకా వదలని కట్టెలో బరువులో నలభై శాతం నీరు ఉందనుకుందాం. బాగా ఎండిన కట్టెలో ఇరవై శాతం దాకా ఉంటుంది. 100 కిలోల పచ్చి కట్టె కొంటే అందులో అసలు కట్టె 60 కిలోలే. అది ఎండి ఇరవై శాతానికి వచ్చేసరికి 75 కిలోలు తూగుతుంది. పాతిక కిలోల నీరు ఎండకు పోయింది. అదే నీటిని ఎండ చేత కాకుండా పొయ్యి చేత పోగొట్టాలంటే ప్రతి కిలో నీటికీ 600 కిలో క్యాలరీలకు పైగా వేడి ఖర్చవుతుంది. ఆ వేడితో 15 లీటర్ల నీళ్ళను నలభై డిగ్రీలు పెంచవచ్చు. అంటే కట్టెలో మిగిలిన ఒక్కో కిలో తడి ఒక బకెట్ స్నానం నీళ్ళను మింగేస్తుంది. పెద్దవాళ్ళకు ఈ అంకెలు తెలియవు. ‘పచ్చి కట్టె పొయ్యిని తాగేస్తుంది’ అనేవారు. భావం అదే.

ఏ కట్టె? బెంగళూరు డిపోల్లో పేరున్నది సర్వే కట్టె, మన సరుగుడు. గట్టిగా, బరువుగా, మంట నిలకడగా, నిప్పు కణకణలాడుతూ చాలాసేపు ఉంటుంది. కాస్త పచ్చిగా ఉన్నా మండే గుణం దానికుంది. ఆ పేరును అడ్డం పెట్టుకుని పచ్చిదే అమ్మేవారు కూడా ఉండేవారు. చింత మొద్దు ఇంకా గట్టిది, చీల్చడం కష్టం, కానీ రాత్రి పెట్టిన ముడి తెల్లారి కూడా నిప్పుగా దొరికేది. నల్లతుమ్మ దానికి తీసిపోదు. నీలగిరి త్వరగా అంటుకుంటుంది, చిటపటమని నిప్పురవ్వలు ఎగురుతాయి. మూతి దగ్గర పిల్లలను కూర్చోనివ్వకూడదు. మన నేల మీద ఈ చెట్టు చరిత్ర పాతదే, 1790 ప్రాంతంలో టిప్పు సుల్తాన్ నంది కొండ మీద వేయించిన మొక్కలతో మొదలైంది. కోలారు, హొసకోటె వైపు దాని తోపులు విస్తరించాక డిపోల్లో చవగ్గా దొరికేది అదే అయింది. మామిడి, గుల్‌మొహర్ కొమ్మలు తేలిక. మంట గుప్పుమంటుంది, నిప్పు మిగలదు. నిప్పు రాజేయడానికి మంచివి, కాగడానికి చాలవు.

వాడకూడనివీ ఉన్నాయి. గన్నేరు పొగ విషం, ఒక్క పుల్ల కూడా పొయ్యిలోకి రానిచ్చేవారు కాదు. రావి, మర్రి కట్టెలను పొయ్యిలో పెట్టడం పాపమని వదిలేసేవారు, ఎలాగూ అవి మంచి వంటచెరకు కావు. రంగు వేసిన తలుపు చెక్కలు, ప్లైవుడ్ ముక్కలు ఊరికే దొరుకుతున్నాయని ఇప్పుడు కాలుస్తున్నారు. ఆ పొగ స్నానాల గదిలో పీల్చదగ్గది కాదు.

కట్టె ఇంటికి రాగానే చీల్చాలి. ఎండాక చీల్చుదామనుకుంటే సరుగుడు, నీలగిరి రెండూ గొడ్డలిని తిప్పికొడతాయి. నీలగిరిలో నార మెలికలు తిరిగి ఉంటుంది, ఎండితే ఆ మెలిక బిగుసుకుపోతుంది. పచ్చిగా ఉన్నప్పుడు ఇనుప చీల పెట్టి సుత్తితో రెండు దెబ్బలు వేస్తే నిలువునా విచ్చుకుంటుంది. బండితో పాటే కట్టెలు కొట్టే మనుషులు ఇద్దరు వచ్చేవారు. వాళ్ళకు కూలి ఎంతని కాదు, ఎంత పొడవు, ఎంత లావు అన్నది ముందే చెప్పాలి. పొడవు మూరెడు. గుండం లోతు మూరన్నర ఉంటుంది కాబట్టి కట్టె పూర్తిగా లోపల పట్టాలి. తోక బయటకు వేలాడితే మూతి తలుపు పడదు, పొగ వెనక్కి తంతుంది, మండుతున్న కొస జారి నేల మీద పడుతుంది. లావు మణికట్టంత. ముడి ఉన్న ముక్కలను చీల్చక విడిగా వేసేవారు, రాత్రి నిప్పు దాచడానికి అవే పనికొస్తాయి.

మూరెడుకే కోయడానికి ఇంకో కారణం ఉంది. చెట్టు నీరు తాగే నాళాలు నిలువునా ఉంటాయి. తడి కోసిన కొసల నుంచి పోయినంత వేగంగా పక్కల నుంచి పోదు. బెరడు నుంచి అసలే పోదు. బారెడు మొద్దు ఏడాది ఎండలో ఉన్నా నడుమ పచ్చిగానే ఉంటుంది. పొట్టిగా కోసి చీల్చిన కట్టె ఒక్క బెంగళూరు వేసవి, మార్చి నుంచి మే దాకా, ఎండితే చాలు.

పేర్చడం ఒక విద్య. నేల మీద నాలుగు రాళ్ళు, వాటి మీద రెండు వాసాలు, ఆ పైన కట్టెలు. నేల తడి ఎక్కదు, చెదలు కనిపించకుండా పట్టలేవు. గోడకు జానెడు ఎడం. ఆ సందులో గాలి ఆడాలి, చీపురు దూరాలి, తేలో మండ్రగబ్బో చేరితే కంటికి కనబడాలి. ఒక వరస అడ్డంగా, ఒక వరస నిలువుగా కొసల్లో కడితే మధ్య భాగం ఒరగదు. చీలిన ముఖం కిందికి, బెరడు పైకి. బెరడు పెంకులా పనిచేసి చినుకును జార్చేస్తుంది. మొత్తం గుట్టను టార్పాలిన్‌తో నేల దాకా చుట్టడం చాలామంది చేసే పొరపాటు. లోపలి తడి బయటకు పోయే దారి లేక బూజు పడుతుంది. పైన మాత్రం కప్పి పక్కలు వదిలేయాలి.

మృగశిర కార్తె రాకముందే, అంటే జూన్ మొదటి వారంలోపు, ఎండిన కట్టె వసారాలోకి చేరాలి. ఎండిందా లేదా అని చూడటానికి పెద్దవాళ్ళు రెండు ముక్కలు తీసుకుని ఒకదానికొకటి కొట్టేవారు. ఖణేలుమంటే ఎండింది. దబ్బుమంటే ఇంకా ఉంది. కోసిన ముఖం మీద నడుమ నుంచి అంచుకు నెర్రెలు రావాలి, బెరడు గోటితో లాగితే ఊడాలి. పొయ్యిలో పెట్టాక కొసల నుంచి నురగ కక్కుతూ సుయ్‌మంటే ఇక చెప్పేదేముంది. వసారాలో కూడా పుచ్చు పురుగు పడుతుంది. కట్టె కింద పసుపుపచ్చటి మెత్తటి పొడి రాలితే ఆ ముక్కలను ముందు కాల్చేయాలి. లేకపోతే పైన వాసాలకు, తలుపు చెక్కలకు ఎక్కుతుంది.

ఎన్ని కట్టెలు కావాలో ఇంటి ఇల్లాలికి కంఠతా ఉండేది. 100 లీటర్ల హండాను ఇరవై డిగ్రీల నుంచి అరవై అయిదుకు తేవాలంటే 4,500 కిలో క్యాలరీలు కావాలి. మట్టి పొయ్యిలో కట్టె ఇచ్చే వేడిలో అయిదో వంతు నీళ్ళకు అందితే మంచి పొయ్యి కింద లెక్క. ఆ చొప్పున ఆరు కిలోల ఎండు కట్టె. అంత వేడి నీటిలో అంతే చన్నీళ్ళు కలిపితే పది బకెట్లు, పెద్ద సంసారానికి సరిపోతాయి. దీపావళి నుంచి శివరాత్రి దాకా నూట ఇరవై రోజులకు సుమారు ఏడున్నర క్వింటాళ్ళ దాకా పెట్టుకోవాలి. అంత ఎండు కట్టె మిగలాలంటే ఫాల్గుణంలో పది క్వింటాళ్ళ పచ్చిది కొనాలి. పైన చెప్పిన నీటి లెక్క ఇక్కడ తేలుతుంది.

కట్టెతో పాటు చిల్లర సరుకు. బెంగళూరు పెరట్లో కొబ్బరి చెట్టు లేని ఇల్లు అరుదు. రాలిన మట్టలను ఆకులతో సహా ఎండబెట్టి, ఆకులు జడలా అల్లి కట్టలు కట్టేవారు. ఒక జడ చాలు పొయ్యి రాజేయడానికి. కొబ్బరి చిప్పలు వేడికి పెట్టింది పేరు, వాటిని గోనెసంచిలో దాచేవారు. పీచు డొక్కలు మెల్లగా రాజుతూ నిప్పును కాపాడతాయి. కార్తీకంలో చివరి సోమవారం బసవనగుడిలో కడలెకాయి పరిషె, అంటే వేరుశనగ జాతర, జరిగితే ఇంటింటా వేరుశనగ పొట్టు గంపలకొద్దీ పోగయ్యేది. దాన్ని కూడా పారేసేవారు కాదు. గుప్పెడు గుప్పెడుగా విసిరితే చప్పున మండుతుంది. ఒక్కసారే బుట్టెడు పోస్తే మాత్రం మంట అణిగి పొగ చిమ్ముతుంది, బూడిద జల్లెడ సందులను మూసేస్తుంది.

వఠారాల్లో బతికినవాళ్ళ సంగతి వేరు. ఆరేడు సంసారాలకు ఒకే స్నానాల గది, ఒకే హండా, ఎవరి వంతుకు వాళ్ళ కట్టె. చాలామందికి పొట్టు పొయ్యే ఆధారం. మైసూరు రోడ్డు టింబర్ యార్డుల వైపు నుంచి రంపపు పొట్టు బస్తాలుగా వచ్చేది. పదిహేను కిలోల నూనె డబ్బా తీసుకుని పైమూత కోసేసి, కింద పక్కన చిన్న కంత పెట్టేవారు. ఆ కంతలోంచి ఒక గుండ్రటి కర్రను అడ్డంగా డబ్బా మధ్యదాకా దూర్చి, దాని కొస మీద ఒక సీసాను నిలబెట్టి, చుట్టూ పొట్టు పోసి పిడికిలితో కూరేవారు. నాలుగయిదు కిలోలు పడుతుంది. తర్వాత సీసాను తిప్పుతూ పైకి, కర్రను తిప్పుతూ బయటకు లాగేస్తే లోపల గొట్టంలాంటి దారి మిగులుతుంది. కింది కంతలో అంటిస్తే ఆ దారి గోడలు లోపలి నుంచి కాలుతూ గంటల తరబడి నీలి మంట ఇస్తుంది. చెడేది రెండు చోట్ల. కూరడం చాలకపోతే నడుమ కూలి దారి మూసుకుపోతుంది, పొట్టు తడిగా ఉంటే పొగ తప్ప మంట ఉండదు. కాలుతుండగా డబ్బాను కదిపినా కూలుతుంది. కదపకుండా చివరిదాకా వదిలేయగలిగిన ఓర్పు ఉన్నవాళ్ళకే అది లొంగేది.

మళ్ళీ పెద్ద పొయ్యికి వద్దాం. ఆశ్వయుజంలో, దసరా అయ్యాక, వాన తెరిపిచ్చిన రోజు చూసి మరమ్మతు. ముందు పాత బూడిద అంతా తీసెయ్యాలి. దీన్ని నిజానికి వానలు మొదలవకముందే తీసి ఉండాలి. బూడిద గాలిలోని తేమను పీల్చుకుంటుంది, దానిలోని క్షారం ఇనుప కడ్డీలను తినేస్తుంది. నాలుగేళ్ళు రావలసిన జల్లెడ రెండేళ్ళకే చిల్లులు పడిందంటే కారణం నిప్పు కాదు, వానాకాలమంతా దాని కింద ఊరిన బూడిద. నడుమ వంగిన కడ్డీని తిరగేసి పెడితే ఇంకో ఏడాది పనిచేస్తుంది.

నెర్రెలు విచ్చిన గోడకు మట్టి మెత్తాలి. చెరువు బంకమట్టి ఒక్కటే పూస్తే ఎండగానే పగులుతుంది. ఒకటికి రెండు పాళ్ళ ఇసుక, గుప్పెళ్ళ లెక్కన చిన్నగా తరిగిన గడ్డి లేదా ఊక, కొంచెం పేడ కలిపి, నీళ్ళు చల్లి తొక్కి, ఒక రాత్రి నాననివ్వాలి. పాత నెర్రెను తడిపాకే మెత్తాలి. పొడి గోడ కొత్త మట్టిలోని నీటిని లాగేసుకుని అతుకు నిలవనివ్వదు. హండా మెడ చుట్టూ మాత్రం బిగించి మెత్తకూడదు. రాగి వేడికి మట్టి కన్నా ఎక్కువ సాగుతుంది, చోటు లేకపోతే గద్దెనే చీలుస్తుంది. అక్కడ పాత నారతాడు ఒక చుట్టు వేసి దాని మీద పలచగా మట్టి పూసేవారు. సిమెంటు వచ్చాక చాలామంది గుండం లోపల కూడా సిమెంటే పూశారు. నిప్పు తగిలే చోట సిమెంటు నిలవదు, తనలోని నీటిని కోల్పోయి పొడిపొడిగా రాలుతుంది. ఇందులో పాత మేస్త్రీలదే సరైన మాట. పొయ్యికి మట్టే మందు. సిమెంటు, సున్నం బయటి ముఖానికి చాలు.

మెత్తిన రోజే మంట పెట్టకూడదు. రెండు రోజులు నీడన ఆరాక, మూడు రోజులు పూటకో చిన్న మంట. నాలుగు పుల్లలు, నాలుగు చిప్పలు, అంతే. హండాలో నీళ్ళు ఉండాల్సిందే. తడి మెల్లగా పోతే గోడ గట్టిపడుతుంది. మొదటి రోజే పెద్ద మంట వేస్తే లోపలి తడి ఆవిరై మట్టిని పలకలుగా ఊడదీస్తుంది.

పొగగొట్టం అందరూ మరిచేది, అన్నింటికన్నా ముఖ్యమైనది. పచ్చి కట్టె పొగ చల్లగా ఉండి గొట్టం గోడలకు తారులా అంటుకుంటుంది. ఎండు కట్టె మసి పొడిగా రాలుతుంది. తాడుకు గోనె మూట కట్టి, అందులో ఒక రాయి వేసి, పై నుంచి దించి కిందికీ మీదికీ లాగితే పొడి మసి అంతా వచ్చేస్తుంది. తారు అలా రాదు, గీకాలి. గీకకుండా వదిలేస్తే ఏదో ఒక రోజు గొట్టంలోనే అంటుకుంటుంది. గొట్టం కొస పెంకుల కప్పు కొప్పు కన్నా రెండడుగులు పైన ఉండాలి, లేకపోతే గాలి కప్పు మీదుగా జారి పొగను కిందికి తొక్కుతుంది. వేసవిలో వాడకుండా వదిలిన గొట్టంలో పిచ్చుకలు గూడు పెడతాయి. కింద నిలబడి చూస్తే ఆకాశం ముక్క కనిపించాలి. కనిపించకపోతే అంటించడానికి ముందే ఆ గడ్డి తీయాలి.

హండా విషయం. బయటి మసిని గుండం మూతిలోంచి చెయ్యి పెట్టి, చెక్క గరిటెతో గీకి, పీచుతో రుద్దాలి. ఇనుప పార తగిలిస్తే మెత్తటి రాగి గీతలు పడి పలచబడుతుంది. రాగి ఇనుము కన్నా అయిదు రెట్లు చురుగ్గా వేడిని అందిస్తుంది. దాని కోసమే కదా అంత ధర పెట్టి కొన్నది. అడుగున వేలెడు మసి ఉంటే ఆ గుణం అంతా వృథా. లోపల ఇంకో శత్రువు ఉంది, తెల్లటి నీటి పొర. కావేరి నీళ్ళు 1974లో ఊరికి వచ్చాయి. వాటికి ముందు హెసరఘట్ట, తిప్పగొండనహళ్ళి జలాశయాల నీళ్ళు కొళాయిల్లో వచ్చేవి. కొళాయి అందని పేటల్లో మాత్రం అప్పుడూ, ఆ తర్వాతా, బావి నీళ్ళూ బోరు నీళ్ళే. గట్టి నీళ్ళు కాగిన కొద్దీ అడుగున సున్నపు పొర కడతాయి. చింతపండు చిక్కగా పిసికిన నీళ్ళు హండా అడుగున పోసి, కింద చిన్న మంట పెట్టి గోరువెచ్చగా ఒక పూట ఉంచితే పొర మెత్తబడి పొరలు పొరలుగా లేస్తుంది. ఉప్పు, చింతపండు గుజ్జుతో పైన తోమితే చిలుము పోయి రాగి రంగు తేలుతుంది. తోమాక నీళ్ళతో కడిగి వెంటనే పొడి బట్టతో తుడవాలి, లేకపోతే సాయంత్రానికి మళ్ళీ మచ్చలు.

నిప్పు పెట్టే ముందు నీళ్ళు చూడాలి. ఖాళీ హండా కింద మంట పెట్టడం కన్నా పెద్ద తప్పు ఈ పనిలో లేదు. టంకం పెట్టిన అతుకు నీళ్ళు ఉన్నంతసేపు నూరు డిగ్రీల దగ్గరే ఉంటుంది, ఆ వేడికి టంకం కరగదు. నీళ్ళు లేకపోతే నిమిషాల్లో టంకం కారిపోతుంది. అందుకే హండాలోంచి ఒక చెంబు తీస్తే ఒక చెంబు పోయమనేవారు. ఆ మాట ఇంట్లో చిన్నపిల్లలకు కూడా నేర్పేవారు.

అంటించడం ఇలా. జల్లెడ మీద లావు కట్టెలు రెండు పట్టాల్లా సమాంతరంగా పెట్టి, మధ్య కొబ్బరాకు జడ, దాని మీద నాలుగు చిప్పలు బోర్లించి, ఆ పైన వేలి లావు పుల్లలు అడ్డంగా. గొట్టం రాత్రంతా చల్లబడి ఉంటుంది, అందులోని చల్లగాలి పొగను కిందికి నెడుతుంది. కాబట్టి ముందు ఒక గుప్పెడు ఎండు ఆకు వెలిగించి గొట్టం మొదట్లో చూపిస్తే గాలి దారి పడుతుంది. ఆ తర్వాతే జడ అంటించాలి. పుల్లలు పట్టుకున్నాక మణికట్టు కట్టెలు మూడు, ఒకదానికొకటి రెండు వేళ్ళ ఎడంగా. ఒక్క కట్టె ఒంటరిగా మండదు. నాలుగు ఇరికిస్తే గాలి ఆడదు. మూతి తలుపు ముప్పావు వంతు మూస్తే గాలి కింది గూడు నుంచి జల్లెడ గుండా వచ్చి మంట మీదికి లేస్తుంది.

గొట్టం పైన పొగ చూసి లోపలి సంగతి చెప్పవచ్చు. తెల్లగా, చిక్కగా వస్తే తడి కట్టె. నల్లగా వస్తే గాలి చాలలేదు, లేదా కట్టె ఎక్కువైంది. కంటికి ఆనీ ఆనని పలచటి నీలి పొగ వస్తే పొయ్యి బాగుంది. హండా నీళ్ళు అంచుల దగ్గర చిన్న బుడగలు కట్టి, మూత కింద సన్నగా పాడటం మొదలుపెడితే కట్టె ఆపేయాలి. మిగిలిన నిప్పు చాలు. మరిగించడం అనవసరం, ఆ కట్టె రేపటికి మిగులుతుంది.

జాగ్రత్త ఒకటి. గుండం మూతి గదిలోపలికి ఉన్న ఇళ్ళలో, తలుపు, కిటికీ రెండూ మూసి స్నానం చేయకూడదు. మంట ఆరి నిప్పు మాత్రమే ఎర్రగా ఉన్నప్పుడు పొగ ఉండదు, వాసన ఉండదు, కానీ కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. తల తిరుగుతుంది, మనిషి కూర్చున్నచోటే ఒరిగిపోతాడు. చలి వేసినా కిటికీ రెక్క ఒకటి తెరిచి ఉంచాల్సిందే. ఇప్పటికీ ఊరి శివారు ఇళ్ళలో ఈ పొయ్యి వాడేవాళ్ళకు ఇది మొదట చెప్పాలి.

నిలువు గొట్టపు రాగి బాయిలర్ గురించి కొద్దిగా. నడుమ నిప్పు గొట్టం, చుట్టూ నీళ్ళు, పైన గరాటు, పక్కన ముక్కు. గరాటులో చన్నీళ్ళు పోస్తే అవి అడుగుకు దిగి, పైనున్న వేడి నీళ్ళను ముక్కు గుండా నెడతాయి. కట్టె తక్కువ చాలు, బొగ్గుతోనైనా చిప్పలతోనైనా నడుస్తుంది. గరాటును గానీ ముక్కును గానీ గుడ్డతో బిగించి మూయకూడదు. ఆవిరి పోయే దారి అదే.

ఈ మధ్య పాత ఇళ్ళు పడగొట్టినప్పుడు తీసిన హండాలు హాళ్ళలో అలంకారానికి, మొక్కలు పెట్టడానికి వెళ్తున్నాయి. తోట ఉన్న ఇంట్లో దాన్ని మళ్ళీ పొయ్యి ఎక్కించాలనుకుంటే ముందు ఇలా చేయండి. బయట, లోపల చింతపండుతో శుభ్రంగా తోమి ఆరబెట్టండి. అడుగు వేలితో నొక్కుతూ పొండి, ఎక్కడైనా డొక్కుపడుతూ వంగితే అక్కడ రాగి పలచబడింది. తర్వాత పొడి నేల మీద పాత వార్తాపత్రికలు పరిచి, మూడు ఇటుకల మీద హండాను నిలబెట్టి, నిండా నీళ్ళు పోసి ఒక రాత్రి వదిలేయండి. పొద్దున్నే కాగితం మీద తడి మచ్చ ఉంటే దానికి నేరుగా పైన అతుకును బొగ్గుతో గుర్తు పెట్టి, టంకం పనివాడి దగ్గరకు తీసుకెళ్ళండి. కాగితం పొడిగా ఉంటే ఇటుక, మట్టి సిద్ధం చేసుకోవచ్చు.